కోడి గిన్నె

నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక పెంకుటింటిని రెండు వాటాలు చేసి కిరాయికి ఇచ్చారు. కుడి వాటాలో గోపాలరావు కుటుంబం. యాభై ఆరులో కర్నూలు నుంచి ఆఫీసుతో పాటు తరలివచ్చిన తెనాలివాళ్లు. ఎడమ వాటాలో విద్యాసాగర్ కుటుంబం. తాతల నాటి నుంచీ ఈ ఊరివాళ్లే. ఆయన రైల్వేలో గుమాస్తా. ఇద్దరికీ వాకిట్లో నీళ్ల నల్లా ఒక్కటే. గోపాలరావు భార్య కమలకుమారికీ, విద్యాసాగర్ భార్య ప్రభావతికీ వదినా వదినా అని పిలుచుకునేంత చనువు ఆ నల్లా దగ్గరే కుదిరింది.

విద్యాసాగర్‌కి ఒక పిచ్చి ఉండేది. ఆబిడ్స్‌లో పాత బంగళాల సామాను హర్రాజు వేస్తున్నారని తెలిస్తే చాలు, వెళ్లి ఎవరూ పాడని పింగాణీ జంతువులను పాడుకుని వచ్చేవాడు. తొండంలోంచి టీ పోసే ఏనుగు ఒకటి. ఆ టీ తాగుతుంటే ప్రసాదం తీసుకుంటున్నట్టు ఉంటుందని గోపాలరావు హాస్యమాడేవాడు. తమలపాకులు పెట్టుకోవడానికి నోరు తెరిచిన చేప ఒకటి. తలలే మూతలుగా రెండు చిలకలు. ఎర్ర తల చిలకలో చక్కెర, పచ్చ తల చిలకలో సన్నుప్పు. మధ్యాహ్నం వేళ ఆ మంద గురించి చెప్పుకుని ఆడవాళ్లిద్దరూ కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకునేవాళ్లు. ఒకసారి ఏనుగు తొండం ఊడిపోతే విద్యాసాగర్ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదని చెప్పి ప్రభావతి కళ్లు తుడుచుకుంది, నవ్వలేక.

ఆ మందలోదే కోడి గిన్నె. కింద గంప, మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్న పెట్ట. ఆ కోడిపెట్టే దానికి మూత. ప్రభావతి ఏ తీపి చేసినా అందులోనే పెట్టి పంపేది. ఖాళీ గిన్నె తిప్పి పంపకూడదు గనక కమలకుమారి అందులో పులిహోరో సున్నుండలో పెట్టి పంపేది. అలా ఏళ్ల తరబడి ఆ కోడి రెండు వాటాల మధ్యా తిరిగింది.

కాని ఆ గిన్నెలో వచ్చినదాన్ని కమలకుమారి ఏనాడూ నోట పెట్టలేదు.

మొదటిసారి పంపినప్పుడే, దొరల ఇళ్లల్లో ఉడికిన గుడ్లు చల్లారకుండా ఇందులో పెట్టేవాళ్లట అని ప్రభావతి నవ్వుతూ చెప్పింది. కమలకుమారి అత్తగారు కోటేశ్వరమ్మ అప్పటికి ఉంది. ఆవిడ ఆ గిన్నెను వంటింటి గడప దాటనివ్వలేదు. వసారా కిటికీలో పెట్టించి, రెండు వాటాల్లోనూ గిన్నెలు తోమే వీరమ్మకు అందులోది ఇప్పించేది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు. అయినా కమలకుమారి చెయ్యి కిటికీ దాకా వెళ్లి ఆగిపోయేది. వీరమ్మ తీసుకుపోయేది. మర్నాడు నల్లా దగ్గర కమలకుమారి, "అమృతంలా ఉంది వదినా," అనేది. ఆ మాట అంత తేలిగ్గా ఎలా వస్తోందని ఆమె ఎప్పుడూ తనను తాను అడగలేదు.

అరవై మూడులో విద్యాసాగర్‌కి షోలాపూర్ బదిలీ అయింది. బయలుదేరే వారంలో ప్రభావతి ఎండు ఖుర్బానీ పళ్లు ఉడికించి ఖుర్బానీ మీఠా చేసి పంపింది. పొద్దున్నే వీరమ్మ దాన్ని తన డబ్బాలో పోసుకుని వెళ్లింది. మధ్యాహ్నం ప్రభావతి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినె, ఆ మీఠా..."

"ఇప్పుడే తిన్నాం వదినా. తీపి ఎంత బాగా కుదిరిందో. మీ అన్నయ్యగారు రెండోసారి వేయించుకున్నారు."

ప్రభావతి ఆమె మొహం వైపు కాసేపు చూసింది. "గట్లనా," అని వెళ్లిపోయింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ వీరమ్మ చెప్పింది. "గదేందమ్మా, నోట్ల పెట్టుకుంటె ఒకటే ఉప్పు. వాళ్ల చిన్నపోరి చిలకల తలకాయలు మార్చి పెట్టిందంట. ప్రభావతమ్మ జూసుకునేవరకు గిన్నె నీ ఇంటికి వచ్చేసిందంట."

కమలకుమారికి చెవుల దాకా వేడెక్కింది. వంటింట్లోకి వెళ్లి ఊరికే నిలబడింది. ఎందుకు వెళ్లిందో తనకే తెలియలేదు. రెండోసారి వేయించుకున్నారు అన్న మాట మళ్లీ మళ్లీ వినపడసాగింది. ఆ మాట ఎవరు అడిగారని అన్నట్టు? ఆ రోజు నుంచి తెల్లవారకముందే నీళ్లు పట్టుకోసాగింది. పక్క వాటా తలుపు చప్పుడైతే లోపలికి తప్పుకునేది. ఏమీ చెప్పకుండా ప్రభావతి రైలెక్కితే బాగుండునని ఒకసారి, ఎక్కేస్తే ఇంక ఎప్పటికీ చెప్పలేనే అని ఒకసారి అనిపించేది. కిటికీలోంచి కోడి చూస్తూనే ఉంది. దాన్ని తిరిగి ఇవ్వాలి. ఖాళీగా ఇవ్వకూడదు.

ప్రయాణం రోజు సాయంత్రం పులిహోర కలిపి గిన్నెలో పెట్టుకుని వెళ్లింది. ఇల్లంతా బోసిగా ఉంది. ప్రభావతి ఒక ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది.

"వదినా, ఆ రోజు నేను..."

"ఎరికే," అంది ప్రభావతి. "మీ అత్తమ్మ ఉన్నప్పటిసంది ఎరికే. వీరమ్మకు తీపి జర ఎక్కువుండాలె. అందుకే చక్కెర దండిగ ఏస్తుంటి."

"తెలిసీ ఎందుకు పంపావు?"

"బంద్ జేస్తె నాకు ఎరికైందని నీకు తెలుస్తదని." ప్రభావతి చీర కొంగు వేలికి చుట్టుకుంది. "ఉప్పు పడ్డ దినం, వీరమ్మకు పెట్టకు అని చెప్తామని ఉరికొచ్చిన. నువ్వు మెచ్చుకునుడు షురూ జేసినవ్. గట్ల నిలబడి వింటుంటె నాకే సిగ్గయింది వదినె."

కమలకుమారికి క్షమించమనే మాట కూడా ఆ "అమృతం" లాగే తేలిగ్గా వచ్చేస్తుందేమోనని భయమేసింది. అక్కడే కింద కూర్చుని, పెట్టను తీసి పక్కన పెట్టింది. గిన్నెలో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. మింగింది.

"ఎట్లున్నది?" అంది ప్రభావతి.

అలవాటు మాట నాలుక చివరి దాకా వచ్చింది. కమలకుమారి ఆపుకుంది.

"ఉప్పు వెయ్యడం మరిచిపోయాను."

ప్రభావతి కిందికి దిగి, ఎదురుగా కూర్చుని, తనూ ఒక ముద్ద తిన్నది. "ఔ, సప్పగున్నది," అంది. ఒక క్షణం ఇద్దరూ నవ్వారు. ఎప్పటి నవ్వు కాదది.

బయట విద్యాసాగర్ పిలిచాడు, రిక్షా వచ్చిందని. ప్రభావతి మిగిలిన పులిహోరను టిఫిన్ డబ్బాలోకి మార్చుకుని, గిన్నెను కొంగుతో తుడిచి బుట్టలో పెట్టుకుంది. దాన్ని తన దగ్గర ఉంచి వెళ్తుందేమోనని కమలకుమారి మనసులో ఆశపడింది. అడగబోయింది. ఏ మొహంతో అడుగుతుంది?

"గాడ పక్కింటోల్లు ఎట్లాంటోల్లుంటరో," అంది ప్రభావతి, బుట్ట అందుకుంటూ.

రిక్షా స్టేషను వైపు తిరిగింది. బుట్ట అంచు మీద నుంచి పెట్ట తల వెనక్కి చూస్తోంది. కమలకుమారి సందు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది. తిన్న చెయ్యి కడుక్కోలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. పసుపు, నూనె, రెండు మెతుకులు. ఆ చేత్తో గడప దాటడం ఆమె పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. అయినా దించలేదు. ప్రభావతి వెనక్కి తిరిగి చూసిందో లేదో, మలుపులో అఫ్జల్‌గంజ్ బస్సు అడ్డం రావడంతో తెలియలేదు.