గ్రంథాలయం ముందు బావ తీగలు

చిట్టి పాత పేటలో గైడు. ఆదివారం ఉదయం ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని పాత కట్టడాలన్నీ తిప్పి చూపిస్తుంది. నోరు విప్పిందంటే పక్క వీధివాళ్లు కూడా ఆగి వినాల్సిందే. కానీ పాత గ్రంథాలయం ముందుకు వచ్చేసరికి ఆ నోటికి తాళం పడేది.

కారణం కేబుల్ తీగలు. గుమ్మం మీద రాతి కమాను, కమాను మీద ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్న రాతి మనిషి. వాటికి అడ్డంగా చిక్కుపడ్డ జుట్టులా నల్లటి తీగలు. వచ్చినవాళ్లు కెమెరా ఎత్తేవారు, ఉసూరుమంటూ దించేవారు.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?"

"ఎవరో కేబులాయన లెండి" అని మాట దాటేసేది చిట్టి. ఆ కేబులాయన సాక్షాత్తూ ఆమె అక్క మొగుడు.

బావకు చెప్పి చూసింది. "తీగలు పీకేస్తే మీ అక్క సీరియల్ ఎవరు చూపిస్తారే? నీ రాతి మనిషా?" అని పకపకా నవ్వేవాడు. అక్కదీ మొగుడి పక్షమే.

ఇలా లాభం లేదనుకుని, "బావా, ఈ ఆదివారం నాతో రా. నా కబుర్లు ఒక్కసారైనా విన్నావా?" అని మొహమాటపెట్టింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. మరదలి మాటకారితనానికి మురిసిపోతూ దారిపొడవునా బుద్ధిగా నడిచాడు. గ్రంథాలయం దగ్గర ఒక పెద్దావిడ కళ్లద్దాలు సవరించుకుంది.

"అయ్యో, ఆ బొమ్మకి ఉరి వేశారేంటమ్మా?"

నిజమే. తీగల మోపు రాతి మనిషి మెడ చుట్టూ తిప్పి కట్టి ఉంది. బావ నిచ్చెన వేసుకుని అక్కడికి ఎన్నోసార్లు ఎక్కాడు. ఎక్కినప్పుడల్లా తీగ కట్టడానికి వీలైన చోటు కనబడిందే తప్ప మెడ కనబడలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చిట్టి ఎప్పటిలాగే ఏదో చెప్పబోయేలోగా తనే అన్నాడు.

"నేనేనండీ కట్టింది. గట్టి పట్టు దొరికిందని కట్టేశాను. అది మనిషని ఇవాళే చూశా."

ఆ వారంలోనే పని మొదలుపెట్టాడు. కదిపి చూస్తే సగానికి పైగా చచ్చిన తీగలే, ఎప్పుడో ఇళ్లు ఖాళీ చేసి పోయినవాళ్లవి. వాటిని కోసి కింద పడేశాడు. పనిచేసేవాటిని వెనక సందులోంచి తిప్పాడు. చిట్టి నిచ్చెన పట్టుకుంది. అంతా సవ్యంగా సాగుతోందనుకుంటుండగా, చచ్చిందనుకుని బతికున్న తీగ ఒకటి కత్తిరించేశాడు. టీవీలో క్రికెట్ మ్యాచ్ మాంచి పట్టు మీదున్న వేళ!

వీధి వీధంతా బయటికొచ్చింది. సెలూన్ ఆయన చేతిలో దువ్వెనతోనే పరిగెత్తుకొచ్చాడు. వెనకాల మెళ్లో తువ్వాలుతో, సగం గడ్డంతో ఆయన బేరం.

"దిగవయ్యా కిందికి! నీ సంగతి చెప్తాం!"

బావ నిచ్చెన మీదే బిక్కచచ్చిపోయాడు. "చిట్టీ, ఏదో ఒకటి చెప్పవే. నీకు నోరుంది కదా!"

చిట్టి గొంతు సవరించుకుంది. "ఎలాగూ వచ్చారు. మా బావ తీగ అతికించేలోగా ఒక్కసారి తలెత్తి చూడండి. ఆ రాతి మనిషి పుస్తకం మూయలేదు, మధ్యలో వేలు పెట్టుకున్నాడు. చదువుతుంటే ఎవరో పిలిచారన్నమాట. ఆ మొహంలో విసుగు చూశారా?"

జనం చూశారు. ముందు కోపంగా, తర్వాత వింతగా.

"పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ వీధిలోనే ఉన్నా. ఈయనకి మీసాలున్నాయని ఇప్పుడే తెలిసింది" అన్నాడు సెలూన్ ఆయన. కాసేపు పరకాయించి, "రెండు వైపులా సమంగా దించాడు చెక్కినాయన" అని మెచ్చుకున్నాడు. ఎవరో ఇంట్లోంచి కుర్చీ తెచ్చి వాళ్ల అమ్మమ్మను కూర్చోబెట్టారు. ఇంతలో ఇళ్లల్లోంచి టీవీలు మళ్లీ మోగాయి. సగం మంది లోపలికి పరిగెత్తారు. మిగతా సగం అక్కడే నిలబడి, "ఆ పక్కనున్న పక్షి ఏంటమ్మాయ్?" అని చిట్టిని నిలదీశారు.

కరెంటు వాళ్ల లావుపాటి తీగ ఒకటి ఇంకా అడ్డంగానే ఉంది. దాని జోలికి వెళ్లడం బావ చేతిలో లేదు. కాస్త ఎడమకు జరిగితే అదీ కనబడదని చిట్టి అందరికీ చూపిస్తోంది.

మొన్న ఆదివారం అక్క కూడా వచ్చింది. రాతి మనిషిని చాలాసేపు చూసి, మొగుడి వైపు తిరిగి, "నీకన్నా బాగున్నాడు" అంది. బావ సిగ్గుపడకుండా ఒప్పుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురూ మెట్ల మీద కూర్చుని ఎండెక్కేదాకా టీ తాగుతూ కబుర్లు చెప్పుకున్నారు.