అమ్మగారు ఎక్కితేనే మోగే కారు

నా నోరు మంచిది కాదని మా ఆవిడ పాతికేళ్ళుగా చెబుతూనే ఉంది. చేతులు మంచివే కదా అని నేను దులిపేసుకుంటూ వచ్చాను. ఈ కారు విషయంలో ఆ రెండూ ఒకేసారి నా పరువు తీశాయి.

కారు లెక్కల మాస్టారిది. వాళ్ళమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆ ఎత్తు కారెక్కడానికి ఆవిడ పడే అవస్థ చూడలేక, "మేస్త్రీ, దీన్ని కాస్త కిందికి దించగలవా?" అని అడిగాడు. షోకు కోసం దించమనే కుర్రకారు నాకు కొల్లలు. తల్లి కోసం దించమన్నవాణ్ణి ఇతన్నొక్కణ్ణే చూశాను. ముచ్చటేసి, నాలుగు చక్రాలకీ పొట్టి స్ప్రింగులు వేసి రెండంగుళాలు దించాను.

వారం తిరక్కుండా తల్లీ కొడుకులిద్దరూ షెడ్డుకు వచ్చారు.

"అమ్మ పక్కన కూర్చుంటే ముందు చక్రం దగ్గర టక్‌మంటోంది మేస్త్రీ. నేనొక్కణ్ణే ఉంటే గప్‌చుప్!"

షెడ్డు నిండా బళ్ళు, తల వేడెక్కి ఉంది. "స్ప్రింగులేం చేస్తాయి మాస్టారూ, అమ్మగారు కాస్త భారీ మనిషి కదా!" అనేశాను. పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. మెల్లగా కారు దిగి, కొడుకు పిలుస్తున్నా వినకుండా బస్టాపు వైపు నడిచింది.

ఆ తర్వాత ఆవిడ మళ్ళీ కారెక్కలేదు. ప్రతి ఆదివారం చెల్లెలి ఇంటికి వెళ్ళే మనిషి, బస్సు మెట్లు ఎక్కలేక ఆ వెళ్ళడమూ మానేసింది. "పిన్ని ఫోన్ చేస్తే ఒంట్లో బాగాలేదని అబద్ధాలు చెబుతోంది మేస్త్రీ. ఇలాగైతే అమ్మ ఇక గడప దాటదు," అన్నాడు మాస్టారు. చెంప ఛెళ్ళుమన్నట్టయింది నాకు. చప్పుడు ఎక్కడిదో తేల్చి ఆవిడకు చూపించాలి. ఉత్త మాటలు ఎందుకు నమ్ముతుంది, నమ్మనక్కర్లేదు కూడా.

మాస్టారు ఊరుకునే రకం కాదు. ఆస్పత్రి చీటీలో అమ్మ బరువు చూసి, సరిగ్గా డెబ్బై ఎనిమిది కేజీల ఇసుక తూచి మూటలు కట్టి తెచ్చాడు. వాటిని ఆవిడ కూర్చునే సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టి, వీధి చివరి స్పీడ్‌బ్రేకర్ మీద పదిసార్లు తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. షాక్ అబ్జార్బర్ పైనుండే నట్టు చూశాను, బిగుతుగానే ఉంది. స్ప్రింగు తన గూట్లో సరిగ్గానే కూర్చుంది. చక్రాలు నేలమీద ఆనించి రబ్బరు బుష్‌ల బోల్టులు వదులు చేసి మళ్ళీ బిగించాను. అన్నీ భేషుగ్గా ఉన్నాయి. అదే బరువు, అదే సీటు, అదే రోడ్డు. ఇసుకకు మోగని కారు మనిషికెందుకు మోగుతుంది? అన్నం తింటున్నా అదే ధ్యాస, స్నానం చేస్తున్నా అదే ధ్యాస.

"ఇసుకకి మోకాళ్ళ నొప్పులుండవుగా," అంది మా ఆవిడ ఎగతాళిగా. కసురుకున్నాను.

మర్నాడు వాళ్ళింటికే వెళ్ళాను. తలుపు తీసింది అమ్మగారే.

"ఏం నాయనా, ఇంకా అనాల్సిందేమన్నా మిగిలిందా?"

"తప్పయిపోయిందమ్మా. ఒక్కసారి కారెక్కండి. మీరెక్కకపోతే ఆ చప్పుడు నాకు దొరకడం లేదు."

"ఎందుకు, నలుగురూ మళ్ళీ నవ్వడానికా?"

"ఈసారి నవ్వితే నన్ను చూసే నవ్వుతారమ్మా."

కొడుకు కూడా బతిమాలాడు. ఇదే ఆఖరుసారి అని గట్టిగా చెప్పి ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక కూర్చున్నాను. స్పీడ్‌బ్రేకర్ వచ్చింది. టక్!

ఆవిడ కళ్ళు మూసుకుంది. "విన్నావుగా," అంది.

విన్నాను. కానీ అప్పుడు నా కళ్ళు మాస్టారి చేతుల మీద ఉన్నాయి. స్పీడ్‌బ్రేకర్ దగ్గరికి రాగానే అతను బాగా నెమ్మది చేసి, స్టీరింగు పక్కకు తిప్పి, ముందు ఒక చక్రాన్ని, తర్వాత రెండోదాన్ని ఎక్కించాడు.

"మాస్టారూ! అలా ఏటవాలుగా ఎక్కిస్తున్నారేంటి?"

"తిన్నగా వెళ్తే కుదుపు కదా, అమ్మకి మోకాళ్ళు కలుక్కుమంటాయి."

"ఒక్కరే ఉన్నప్పుడో?"

"అప్పుడెందుకూ? తిన్నగానే పోతాను."

ఓరి నా తెలివి తెల్లారా! ఇసుక మూటల్ని నేనూ తిన్నగానే తిప్పాను. బండి ఆపమని, అమ్మగారిని దింపి రోడ్డు పక్కన నా దగ్గర నిలబెట్టాను.

"మాస్టారూ, వెనక్కెళ్ళి ఖాళీ కారుతో రండి. అమ్మగారు పక్కనున్నట్టే నడపండి."

వచ్చాడు. ఏటవాలుగా ఎక్కించాడు. టక్!

ఆవిడ గబుక్కున నా వైపు తిరిగింది. "లోపల నేను లేనుగా!"

"లేరమ్మా."

"మళ్ళీ రమ్మను."

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ టక్! ఆవిడ ఒళ్ళంతా చెవులు చేసుకుని వింది. మూడోసారి కూడా రమ్మంది.

"ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక కమ్మీ ఉంటుందమ్మా. రెండు చక్రాలూ కలిసి లేస్తే అది మెదలకుండా ఉంటుంది, ఒక్కటే లేస్తే మెలి తిరుగుతుంది. కారు దించినప్పుడు ఆ కమ్మీని పట్టుకునే లింకులు కూడా పొట్టివి వెయ్యాలి. నేను పాతవే ఉంచేశాను. అందుకే మెలి తిరిగినప్పుడల్లా పైకి వెళ్ళి కారు అడుగుకి కొట్టుకుంటోంది. తప్పు నాది, మీ బరువుది కాదు."

 

"రెండు వారాలై రాత్రిపూట తినడం మానేశాను నాయనా," అంది నెమ్మదిగా. "కాస్త తగ్గితే ఆ చప్పుడు పోతుందేమోనని."

అప్పుడే కారు దిగి వస్తున్న మాస్టారు అక్కడే ఆగిపోయాడు. "ఆకలి లేదన్నావు కదమ్మా! రోజూ అదే చెప్పావు కదా!"

ఆవిడ తనే తలుపు తీసుకుని సీట్లో కూర్చుంది.

"లింకులు రేపు వేద్దువుగాని, చప్పుడు చేస్తే చెయ్యనీ," అంది నాతో. కొడుకు వైపు తిరిగి, "ఎక్కరా. పిన్నికి ఫోన్ చేసి వంట చెయ్యమను. చాలా ఆకలిగా ఉంది," అంది.

కారు వెళ్ళిపోయినా నేను రోడ్డు పక్కనే నిలబడి ఉన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోవడానికేముంది.