చీరలు ఆరేదాకా

అది 2006 ఏప్రిల్‌లో ఒక శుక్రవారం. భద్రాచలం అడవి అంచున ఉన్న అట్టల ఫ్యాక్టరీ చిమ్నీ మీద గంటసేపు పొగను పరీక్షించి కాలుష్య తనిఖీ అధికారి షాలేమ్‌రాజు కిందికి దిగాడు. తాను వస్తున్నట్టు ఇక్కడ ఎవరికీ తెలియదని అతని నమ్మకం. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ కాగితం, పెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో తీసినప్పుడూ అంతే తెల్లగా ఉంది. మసిని ఆపే యంత్రం బాగా పనిచేస్తోందని సర్టిఫికెట్ రాసి, సంతకం ఒక్కటి మిగిల్చి గేటు దాటాడు.

ఎదురుగా పేటలో ఏ దండెం చూసినా తెల్లచీరలే.

"ఏంది పెద్దమ్మా, అందరూ ఒక్కనాడే ఉతికిన్రు?"

దండెం పక్కనున్న ఇన్నమ్మ చీర పిండుతూనే చెప్పింది. "ఆదివారం చర్చికి కట్టుకుందామని సారూ. వేరే దినం ఆరేస్తే మసి పడి నల్లగైతయి. ఇయ్యాల మీరొస్తరని కంపెనోళ్లకు మొన్ననే తెలుసంట. అందుకే మసి ఆపే మిషిని నడుపుతున్నరు. మీరు పోంగనే బంద్ పెడ్తరు."

వెనక డ్రైవర్ జీపు స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడుకు ఇన్నమ్మ గాబరాగా లేచింది.

"జరసేపు ఆగున్రి సారూ. చీరలింకా తడారలే."