డ్రమ్ములో గోధుమలు

మూత తీయగానే మళ్లీ అదే వాసన. తడి గోనెసంచి వాసన. కమల గుప్పెడు గోధుమలు పళ్లెంలో పోసుకుని గుమ్మంలో కూర్చుని ఏరడం మొదలెట్టింది. కొన్ని గింజలు నల్లబడ్డాయి. కొన్ని ఉండలు కట్టాయి.

పిండి ఆడించే చక్కీకి పంపేముందు గోధుమలు కడిగి డాబా మీద ఆరబెట్టడం ఈ ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో అందరూ చేసేదే. ఈసారి ఆరీ ఆరకముందే మబ్బు పట్టింది. ఇంకో ఎండ చూపిద్దామండీ అంటే భర్త భీమేశ్వరరావు వినలేదు. "మీ కాకినాడ అనుకున్నావా, ఢిల్లీ గాలికే ఆరిపోతాయి" అని డ్రమ్ముకెత్తించాడు.

వాసనొస్తోందని చెప్పిన రోజున పేపర్లోంచి తలైనా ఎత్తలేదు. "నీకు ఉతికిన దుప్పట్లోనూ బూజే. సాకేత్ తుమ్మితే న్యుమోనియా. అంత భయమైతే తల్లీకొడుకులు అన్నం తినండి. నాకు షుగరు, నాకు రొట్టెలు చెయ్యి." పోనీ కొత్త పిండి తెమ్మంటే, డ్రమ్ముడు గోధుమలు ఇంట్లో పెట్టుకుని పిండి కొంటారా అన్నాడు. ఆ గోధుమలే కొన్ని ఆడించి రొట్టెలు చేసింది. ఆయన తుంచి నోట్లో పెట్టుకున్నప్పుడల్లా కమల వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఇంతలో పైఇంటి కిరణ్మయి తోడుకి పెరుగు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. గుర్గావ్‌లో తిండి వస్తువులు పరీక్షించే ల్యాబ్‌లో ఆమెకి ఉద్యోగం. భీమేశ్వరరావు పేపరు మడిచాడు.

"రండి, కూర్చోండి. కమలా, టీ."

కమల పళ్లెం అక్కడే వదిలి వంటింట్లో పొయ్యి మీద టీ పెట్టింది.

కిరణ్మయి పళ్లెంలోంచి నాలుగు గింజలు తీసి వాసన చూసింది. "అయ్యో, బూజు పట్టాయండీ. ఈ బూజు విషం వదులుతుంది, లివర్‌కీ కిడ్నీలకీ మంచిది కాదు. కడిగినా కాల్చినా పోదు. మొత్తం పారేయండి."

"అచ్ఛా? ఇప్పుడే పారేస్తానండీ." ఏనాడూ కంచం తీయని మనిషి కుర్చీలోంచి లేచి, డ్రమ్ముని తనే రెండు చేతులా పట్టుకున్నాడు.

అది చూసి కమలకి కుళ్లు పుట్టింది. ఆవిడ జీతం చూసి కాదు, ఇస్త్రీ చీర చూసి కాదు. తను పదో క్లాసు, ఆవిడ పెద్ద చదువు, సరే. ముక్కు ఒకటేగా? తను చెబితే సణుగుడు, ఆవిడ చెబితే వేదం. పదిహేనేళ్ల కాపురంలో తన మాటకి ఆయన ఒక్కసారి అలా లేచి ఉంటే, ఈవేళ ఈ కిరణ్మయిని చూసి ఇంత మండిపోయేదా?

"వాసన అంత తొందరగా తెలీదే. ముందెవరు కనిపెట్టారు?" అంది కిరణ్మయి.

"నేనేనండీ. మొదట్నుంచీ నాకెందుకో అనుమానమే" అన్నాడు ఆయన గుమ్మం దాటుతూ.

కమల పొయ్యి కట్టేసి ముందుగదిలోకి వచ్చింది. టీ సగం మరిగి ఆగిపోయింది.

"నిజమేనండీ, ఈయనకి మొదట్నుంచీ అనుమానమే" అంది నెమ్మదిగా. "నేనూ పిల్లాడూ అన్నం తింటున్నాం. ఈయన మాత్రం రోజూ అడిగి మరీ ఆ రొట్టెలే తిన్నారు."

డ్రమ్ము ఆయన చేతుల్లోంచి నేలకి దిగింది. కిరణ్మయి ఆయన వైపు చూడలేదు. కమల వైపు తిరిగింది.

"మీకెలా తెలిసిందండీ?"

అతిథి ముందు ఎన్నడూ కూర్చోని కమల, ఆయన లేచిన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చెప్తాను" అంది. "ఏవండీ, టీ మీరు చూడండి."