మగ్గాల షెడ్డు మౌనం

సంతాప సభలో నాయనమ్మని రెండోసారి చంపేస్తున్నారు.

మొదటిసారి పోవడం ఆవిడ సొంత నిర్ణయంలాంటిది, దానికి మనవరాలు ఎవర్నీ తప్పుపట్టలేదు. మిల్లులో రిటైరైన ముసలావిడ, పాత మోటారుసైకిలేసుకుని ఒంటరిగా కొండల్లోకి పోయి, లాడ్జిలో కడుపునిండా తిని పడుకుని, పొద్దున్న లేవలేదు. అంతే. ఈ రెండో చావు మాత్రం పెదనాన్న చేతుల మీదుగా, మైకులో, అందరి ముందూ జరుగుతోంది.

"మా అమ్మ చాలా సౌమ్యురాలు," అంటున్నాడాయన. "మిల్లులో తల వంచుకుని పని చేసింది. రిటైరయ్యాక గడప దాటి ఎరగదు. ఇంట్లోనే, నిద్రలోనే, ప్రశాంతంగా వెళ్లిపోయింది."

నిద్రలోనే. అది నిజమే. ఇల్లే మనది కాదు.

మైకు పక్కన నేల మీద కూర్చుని వైర్లు సర్దుతున్న మనవరాలికి అరికాలి మంట నెత్తికెక్కింది. కంప్యూటర్లు చదివిన పిల్ల కాబట్టి మైకూ, తెరా ఆమె డ్యూటీ. మాట్లాడటం మాత్రం కాదు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ బండి బాగోతమంతా బయటపెడతావు. వియ్యాలవారొస్తున్నారు, నోరు విప్పకు," అని పొద్దున్నే కట్టడి చేశాడు పెదనాన్న. నాయనమ్మ హెల్మెట్ పెట్టుకున్న ఫొటో తెర మీద ఎక్కడ వేసేస్తుందోనని పెన్‌డ్రైవ్ కూడా జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు తెర మీదున్నది మిల్లు గుర్తింపు కార్డు ఫొటో. అందులో నాయనమ్మ దొంగతనం కేసులో దొరికిన మనిషిలా ఉంది.

"అమ్మ కోసం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. ముందు వరసల్లో చుట్టాలు తలలు దించారు. వెనక వరసల్లో మిల్లు ఆడవాళ్లు, అంతా రిటైరైనవాళ్లే, తలలు దించలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటున్నారు.

మగ్గాల షెడ్డులో నాడెలు అటూ ఇటూ కొట్టుకునే మోతకి చెవిలో అరిచినా వినపడదు. అందుకే అక్కడి వాళ్లు గొంతు లేకుండా మాట్లాడటం నేర్చారు. పెదాలు సాగదీసి, కనుబొమ్మలెగరేసి, చేతులు తిప్పి. నాయనమ్మ ఇంట్లో కూడా, పెదనాన్న వీపు వెనక నుంచి, మనవరాలికి ఇలాగే కబుర్లు చెప్పేది. కాబట్టి ఈ మౌనం చుట్టాలకే మౌనం. మనవరాలికి మాత్రం సంత.

"గడప దాటలేదట!" అన్నాయి కండెల పిన్ని పెదాలు. మగ్గాలకి నూలు కండెలు మోసీ మోసీ ఆ పేరొచ్చిందావిడకి. నాయనమ్మకి ప్రాణ స్నేహితురాలు.

"గోడలు దూకే మనిషికి గడపతో పనేంటే?" అంది పక్కావిడ.

"ఓవర్సీయరు సైకిలు గుర్తుందా? అన్నాల టైములో ఎత్తుకుపోయి తొక్కడం నేర్చుకుని, చక్రం వంకరచేసి తెచ్చింది. 'దీనికి మీ నడకే వచ్చేసింది సార్' అందే!"

"రిటైరైన రోజు వాళ్లిచ్చిన గోడ గడియారం ఇంటికి కూడా తేలేదుగా. దార్లోనే అమ్మి హెల్మెట్ కొనుక్కుంది."

వెనక వరసంతా అరచేతులు నోటికి అడ్డంపెట్టుకుని ఊగిపోతోంది. పెదనాన్న చూశాడు. ఆయన కళ్లు చెమర్చాయి. మైకు దగ్గరికి వంగి, "చూడండి, ఎలా కుమిలిపోతున్నారో," అన్నాడు.

ఇక ఆగడం మనవరాలి వల్ల కాలేదు. మైకు తన వైపు తిప్పుకుంది.

"కుమిలిపోవట్లేదండీ. నవ్వుతున్నారు. మా నాయనమ్మ గోడలు దూకేదట..."

"ఏయ్! మౌనం!"

"వాళ్లు మౌనంగానే ఉన్నారు పెదనాన్నా. నేను చదువుతున్నా, అంతే."

సైకిలు చదివింది. గడియారం చదివింది. వెనకవాళ్లకి హుషారొచ్చి, పెదాలు ఇంకా సాగదీసి అందించడం మొదలెట్టారు. సముద్రం చూస్తానని వెళ్లి బండి ఇసకలో కూరుకుపోతే, జాలర్లతో లాగించి, ఆ రుణం ఉంచుకోకుండా వాళ్ల పడవెక్కి ఓ పూట వల లాగి వచ్చిన సంగతి కూడా చదివింది. వియ్యపురాలు నవ్వాపుకోలేక దగ్గింది.

పెదనాన్న ప్లగ్గు పీకేశాడు.

"పీకండి. షెడ్డులో మైకుందా ఏంటి?" అని గొంతెత్తింది మనవరాలు. "మా నాయనమ్మ ఇంట్లో పోలేదు! కొండల్లో పోయింది. తన బండి మీద వెళ్లి, తనకి నచ్చిన చోట. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. మీరు దాస్తే నేనొప్పుకోను."

హాలు బిగుసుకుపోయింది. ఈసారి వెనక వరస కూడా.

అప్పుడు పెదనాన్న పెదాలు కదిలాయి. గొంతు రాలేదు. తనలో తను అనుకుంటున్నాననుకున్నాడు పాపం. ఆయనా ఆ తల్లి పెంచిన బిడ్డే. పెదాలు ఎంత విడమర్చి పలుకుతాయో ఆయనకే తెలీదు.

"నన్నెప్పుడూ తీసుకెళ్లలేదు."

మనవరాలికి అర్థమైంది. కానీ ఆ ఒక్కటీ పైకి చదవలేదు. కోపం ఎక్కడికీ పోలేదుగానీ, కాస్త జరిగి ఇంకోదానికి చోటిచ్చింది.

అయితే వెనక వరసలో అందరికీ కళ్లున్నాయి. కండెల పిన్ని ఈసారి నోరు తెరిచే అంది. మిల్లు తినేసిన చెవులు కదా, హాలు అదిరిపోయింది.

"తీసుకెళ్లలేదా? పిలిస్తే నలుగురూ నవ్వుతారన్నావట కదరా! వెనక సీటు ఖాళీగా పోతోందే అని నా దగ్గర ఎంత తిట్టుకుందో!"

ప్లగ్గు పెదనాన్న చేతిలోనే ఉంది. మళ్లీ పెట్టనూ లేదు, సభ ముగిసిందనీ అనలేదు. దగ్గర్లో ఉన్న కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

మనవరాలు ఆయనకెదురుగా వెళ్లి నిలబడింది.

"సరే, కొండల సంగతి," అంది, ఆఖరి వరస దాకా వినపడేలా. "ఇంట్లోంచి బండి తీసిన దగ్గర్నుంచి చెప్తా. మధ్యలో లేచారంటే మళ్లీ మొదట్నుంచీ మొదలెడతా పెదనాన్నా."