నూనె కారిన కుడివైపు రాడ్డు

నేను ఒక పాత మోటారు సైకిలుకి ముందువైపు కుడికాలిని. మెకానిక్కులు నన్ను షాకబ్జర్ రాడ్డు అంటారు. హ్యాండిల్ కింద నుంచి దిగి, నూనె నింపిన గొట్టంలోకి నడుము దాకా దూరి ఉంటాను. గొయ్యి వస్తే ఇంకాస్త లోపలికి దిగుతాను, దాటగానే పైకి లేస్తాను. గొట్టం మూతి దగ్గర ఒక రబ్బరు చుట్టు నా నడుము పట్టుకుని ఉంటుంది. అదే ఆయిల్ సీలు. నూనె బయటికి రాకుండా చూడటం దాని పని. అది పట్టు వదిలేస్తే ఏమవుతుందో అన్న దిగులుతోనే నా బతుకు గడిచింది.

ఎక్కడో ఉత్తరాదిన ఒక కార్ఖానాలో నన్ను కోసి, సానపట్టి, క్రోమియం పూత పూసి, ఎడమ రాడ్డుతో జత కట్టారు. మా మధ్య ఎప్పుడూ చక్రం అడ్డమే. ఒకరినొకరం సరిగ్గా చూసుకున్నది లేదు. అయినా ఏ గోతిలోనైనా కలిసే దిగేవాళ్లం.

మొదటి యజమాని అటవీ శాఖలో గుమాస్తా. నా మెరుపులో చూసుకుని మీసం దువ్వుకునేవాడు. బదిలీ మీద వెళ్తూ నా మీద చెయ్యి వేసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ వారంలోనే కొత్త బండి కొన్నాడట. రెండో అతను కొత్తగా పెళ్లయిన కాంపౌండరు. మా మెరుపు నలుగురికీ కనపడాలని మాకున్న రబ్బరు తొడుగులు పీకించేశాడు. దుమ్మూ వానా నేరుగా ఒంటి మీద పడటం అప్పుడు మొదలైంది.

మూడో యజమాని ఎర్నాయుడు. ఇల్లు పాడేరు ఘాట్ కింద. కొండ మీద సంతల్లో గాజులు అమ్ముతాడు. అతని భార్య వరాలమ్మ గాజుల మూట ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంటుంది. కొండ ఎక్కడం ఇంజిను పని, దిగడం బ్రేకు పని. ఆ దిగడమంటేనే వరాలమ్మకు భయం. అందుకని ప్రతి అమావాస్యకీ నిమ్మకాయా మిరపకాయలూ తీగకు గుచ్చి బండికి దిష్టి కట్టేది. కట్టడానికి ఆమె చేతికి అందినది నేనే. సీలుకి బెత్తెడు పైన, నా నడుముకు బిగించేది.

నిమ్మరసం కారిన చోట క్రోమియం పొంగింది. లోపల తుప్పు పట్టి సన్నని గుంటలు పడ్డాయి. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆ గరుకు చోటు సీలు గుండా దిగి, ఎక్కి, రబ్బరును కోసేది. నూనె కారింది. మెకానిక్కు తవుడు కొత్త సీలు వేశాడు. మళ్లీ కారింది. మళ్లీ వేశాడు. కోస్తున్నది నేనేనని నాకు తెలుసు. ఎవరికి చెప్పను?

కిందటి సంత నుంచి దిగుతుంటే ఆ నూనె ముందు బ్రేకులోకి చేరింది. మలుపులో ఎర్నాయుడు బ్రేకు పట్టాడు, చక్రం ఆగలేదు. లోయ అంచున పిట్టగోడ మా మీదికి వచ్చేసింది. వెనక బ్రేకు తొక్కి, కాళ్లు నేలకు ఈడ్చి, గోడకు మూరెడు దూరంలో ఆపాడు. వరాలమ్మ ఒళ్లో గాజులు పగిలాయి. ఇంటికి రాగానే ఆమె చేసిన మొదటి పని, నాకు ఇంకో నిమ్మకాయ కలిపి కట్టడం.

ఇవాళ పెద్ద సంత. తెల్లారగానే బండిని ఘాట్ మొదట్లో ఉన్న తవుడు షెడ్డుకు తెచ్చారు. తవుడు వరాలమ్మకు వరసకు తమ్ముడు, ఆమెను అప్పా అని పిలుస్తాడు.

“డూప్లికేటు సీల్లేసి మమ్మల్ని లోయలోకి తోసెయ్రా బామ్మర్దీ,” అన్నాడు ఎర్నాయుడు.

“ఒరిజినల్లే బావా. నీ బండే సీల్లు మేసేస్తంది. దానికి గెడ్డి పెడతన్నావో నేదో.”

“మీ సరసాలు తర్వాత. సాయింత్రం ఈ బండి మీదే దిగాల నాను,” అంది వరాలమ్మ.

తవుడు చక్రం విప్పి, నన్ను గొట్టంలోంచి లాగి గోనెపట్టా మీద పెట్టాడు. పాత సీలు పెదవి చీలి ఉంది. కొత్తది అతని చేతిలో సిద్ధంగా ఉంది. దాన్నీ కోస్తాను, సాయంత్రం మలుపులో వీళ్లిద్దరూ ఏమవుతారో అన్నదే నా భయం. వరాలమ్మ వాడిపోయిన నిమ్మకాయల దండ విప్పింది. కొత్తది కట్టే ముందు నన్ను చెంగుతో తుడిచింది. ఆమె బొటనవేలు ఒకచోట ఆగింది. మళ్లీ రాసింది. గోరు గీరుకుంది.

“తవుడూ, ఇక్కడేటో గరుకుగుంది రా.”

అతను వెలుతురుకేసి తిప్పాడు. తీగ చుట్టిన ఆకారంలోనే గోధుమరంగు మచ్చ.

“ఇది నాను నిమ్మకాయ కట్టే సోటు గదరా,” అంది వరాలమ్మ. “మావా, మనం సల్లగుండాలనే కట్టినాను.”

“సల్లగానే ఉన్నాం గదే, బెంగెట్టుకుంతావేటి,” అని ఎర్నాయుడు తవుడి వైపు తిరిగాడు. “ఇసికి కాయితంతో రుద్దితే పోదేట్రా?”

“గుంటలు పడిపోనాయి బావా. ఎన్ని సీల్లేసినా కోసేస్తాది. రాడ్డు మార్సాల.”

షెడ్డు వెనక ప్రమాదంలో దెబ్బతిన్న ఇదే రకం బండి ఒకటి పడి ఉంది. తవుడు దాని కుడి రాడ్డు తెచ్చాడు.

“పడిపోనోడి బండి సామానా?” వరాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

“దాన్ని ఎనకనుంచి గుద్దినారప్పా. ముందు బాగుంది.”

వంకర ఉందేమోనని అద్దం పలక మీద దొర్లించాడు. చప్పుడు లేకుండా దొర్లింది. సీలు చిరక్కుండా రాడ్డు కొనకు పాలిథిన్ కవరు చుట్టి, నూనె రాసి, సీలును కిందికి జార్చి, పైపు ముక్కతో నెమ్మదిగా తట్టి కూర్చోబెట్టాడు. నూనె పట్టిన బ్రేకు లైనింగులు కూడా మార్చాడు. వరాలమ్మ కొత్త దండ ఎక్కడ కట్టాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది. చివరికి గాజుల మూటకు ముడేసుకుని ఎక్కింది.

నన్ను రోడ్డు పక్క పాత ఇనుము కుప్పలోకి విసిరారు. ఎడమ రాడ్డు కొత్తవాడితో కలిసి ఘాట్ ఎక్కిపోయింది. ఇన్నేళ్ల తోడు, పోతూ ఒక్క మాట లేదు. ఇనుముకు మాటలు ఉండవని ఆ పూటే మొదటిసారి కష్టంగా తోచింది.

సంత విడిచే వేళ దాటింది. టాపు మీద కూడా మనుషులను ఎక్కించుకుని జీపులు దిగాయి. తవుడు రోడ్డు మీదికి వచ్చి ఒక జీపును ఆపాడు.

“గాజులోల్ల బండి సూసినారేటి?”

“మా కంటే ముందే బయల్దేరినారు గదా! ఇంకా రానేదా?”

తవుడు మళ్లీ లోపలికి వెళ్లలేదు. కొండ వైపే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి పైనుంచి ఆ ఇంజిను చప్పుడు వినిపించింది. అది నాకు తెలిసిన చప్పుడు. వినిపించిందో లేదో, ఆగిపోయింది. పిట్టగోడ నా కళ్ల ముందు మెదిలింది. మళ్లీ మోగింది. మలుపు దగ్గర మళ్లీ ఆగింది. అలా ప్రతి మలుపులోనూ ఆ చప్పుడు చచ్చి బతుకుతూ వచ్చింది. తవుడు తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతున్నాడు.

చివరి మలుపు తిరిగి ఇద్దరూ కనిపించారు. బండి షెడ్డు ముందు మెత్తగా ఆగింది.

“ఏటైపోనారు బావా? ఇక్కడ నా పేనం పోయింది!”

“మీ అప్పనడుగు. మలుపు మలుపుకీ దిగి నూనె కారతందా అని తడిమి సూసింది. సగం ఘాటు అది నడిసే దిగిందిరా. నానూ బండీ దాని ఎనకాల, పెళ్లికూతురు ఎనక మేళంలాగ.”

వరాలమ్మ నవ్వలేదు. వంగి, కొత్త రాడ్డు మీద మరోసారి వేలు రాసి తవుడికి చూపించింది. “పొడిగుంది రా,” అంది. అప్పుడు వచ్చింది ఆమెకు ఏడుపు.

ముగ్గురూ ఆ వేలినే చూశారు. కుప్ప వైపు ఎవరూ తిరగలేదు. తిరగకపోవడమే మంచిది. ఎర్నాయుడు కిక్కు కొట్టాడు. బండి ఊళ్లోకి సాగిపోయింది. ఇంజిను చప్పుడు వాళ్ల వీధి దాకా వినిపించింది. వినపడటం మానేశాక కూడా నేను వింటూనే ఉన్నాను.