దిగుతున్న ఇంటికప్పు

లిఫ్టు మెకానిక్ పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోక ముందే, చెయ్యెత్తి ఇంటికప్పు ఎక్కడిదాకా వచ్చిందో తడిమి చూసుకుంటాడు. ఒకప్పుడు దానికి స్టూలు కావాల్సి వచ్చేది. తర్వాత మునివేళ్ళ మీద నిలబడితే అందేది. ఈమధ్య చెయ్యెత్తే పనే లేదు. మంచం దిగి నిలబడితే నడినెత్తికి అదే తగులుతోంది.

ఆ ఊళ్ళో అందరిళ్ళూ అంతే. ముసలితనానికని దాచుకున్న డబ్బు ఎందులో పెడితే, ఇంటికప్పు దాన్నిబట్టి లేస్తుంది, దిగుతుంది. డబ్బు వెనక్కి తీసేసుకున్న రోజున ఏ ఎత్తులో ఉందో ఆ ఎత్తులోనే ఇక జన్మకి ఆగిపోతుంది. మరి పైవాటా వాళ్ళ నేల ఏమవుతుందని నన్నడగకండి, ఆ ఊళ్ళో వాళ్ళే ఎప్పుడూ అడగలేదు. ఎదురింటి టీచరమ్మ తన డబ్బంతా బ్యాంకులో వేసి మరిచిపోయింది. ఆవిడ కప్పు ఏళ్ళుగా కదల్లేదు. ధరలు పెరిగినప్పుడల్లా మాత్రం ఊరందరి నేలతోపాటు ఆవిడ నేల కూడా కాస్త పైకి వస్తూనే ఉంది. ఎవరైనా ఆ మాటెత్తితే, "గచ్చు మళ్ళీ చేయించాలి" అని మాట మార్చేస్తుంది.

మెకానిక్ ఆవిడ దారిన పోలేదు. తన జీతంలో మిగిలిందీ, భార్య ఇంట్లో మిషను తొక్కి కూడబెట్టిందీ కలిపి షేర్ల ఫండులో పెట్టాడు. కిందటేడు కప్పు ఎంత పైకి పోయిందంటే, బూజు దులపడానికి కర్రకి కర్ర కట్టాల్సొచ్చింది. "ఏమండీ, ఇక తీసేసుకుందామా? మీ రిటైర్మెంటు కూడా దగ్గరికొస్తోంది" అంది భార్య. "ఇంకొంచెం లేవనీ" అన్నాడు. ఎక్కడ లేచింది? ఎక్కడో యుద్ధమని, ఇంకెక్కడో బ్యాంకు మునిగిందని, రోజుకో సాకు చెప్పి దిగడం మొదలుపెట్టింది. ఫ్యాను విప్పేశారు. బీరువాని అడ్డంగా పడుకోబెట్టారు. చూస్తే రిటైర్మెంటు ఈ నెలాఖరుకే. మోకాళ్ళు అరిగిపోయి, మెట్లెక్కుతుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "కావాలంటే ఇంకో రెండేళ్ళు చేయండి, మీ ఇష్టం" అన్నాడు మేనేజరు. ఇంట్లో నిలబడలేడు, పనిలో ఎక్కలేడు. ఎటు పోవాలో ఆయనకి తోచడం లేదు.

భార్య పొట్టి మనిషి. ఆ ఇంట్లో ఇప్పుడు తలెత్తి తిరుగుతున్నది ఆవిడొక్కతే.

"పోయింది పోనివ్వండి, ఉన్నది తీసేద్దాం" అని ఆవిడ ఎప్పుడన్నా ఆయన దగ్గర ఒకటే జవాబు. "లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిందనుకో. లోపలున్నవాడు సందులోంచి దూరి బయటపడాలని చూస్తాడు. సరిగ్గా అప్పుడే అది కదుల్తుంది. నా సర్వీసులో దెబ్బతిన్నవాళ్ళంతా దూకినవాళ్ళే. కదలకుండా కూర్చున్నవాడికి ఏమీ కాలేదు." లిఫ్టుల విషయంలో అది అక్షరాలా నిజం. డబ్బుకి కూడా పనికొస్తుందని నమ్మేశాడు, పాపం.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం ఆ ఫండు ఆఫీసున్న బిల్డింగులోనే లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. వెళ్ళి చూస్తే లోపల ఇరుక్కున్నది ఈయన ఫండు సలహాదారే. పావురాలు ఎగిరేంత ఎత్తు కప్పున్న గదిలో కూర్చోబెట్టి, "దీర్ఘకాలం చూడాలి అంకుల్, ఓపిక పట్టాలి" అని ప్రతిసారీ చెప్పి పంపే మనిషి. ఇప్పుడు సందులోంచి అతని బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"అంకుల్, నన్ను కిందికి లాగేయండి. ఊపిరాడట్లేదు."

"దూకొద్దు బాబూ, కింద గొయ్యి ఉంది. అలాగే కూర్చో. నేను పైకెళ్ళి చేత్తో చక్రం తిప్పి దించుతాను."

"ఎంతసేపు?"

"నా మోకాళ్ళు మెట్లెక్కినంతసేపు."

మధ్యమధ్యలో రెయిలింగు పట్టుకుని ఆగుతూ మెట్లన్నీ ఎక్కాడు. చక్రం తిప్పి లిఫ్టుని అంతస్తుకి సమంగా తెచ్చాడు. మళ్ళీ అన్నీ దిగొచ్చి తలుపు తీసేసరికి సలహాదారు చొక్కా తడిసి ముద్దయిపోయి ఉంది. ఈయన చేతులు పట్టుకుని కాసేపు వదల్లేదు.

"మరి మా ఫండు సంగతేం చెయ్యమంటావు బాబూ?" అనడిగాడు మెకానిక్.

"ఓపిక పట్టాలి అంకుల్" అని అతను మెట్లదారిన దిగిపోయాడు.

సాయంత్రం ఇంట్లో నేల మీద చతికిలబడి, ఇదంతా చెప్పి మెకానిక్ పడీపడీ నవ్వాడు. భార్య నవ్వలేదు. మిషను ఆపింది.

"చివరిదాకా ఎలా కూర్చోగలిగాడంటారు?"

"నేను చెప్పాను కాబట్టి."

"మీరొస్తారని కూర్చున్నాడు. అతనికి బయట మీరున్నారు. మనకి బయట ఎవరున్నారండీ?"

ఆయన తలెత్తి కప్పు వంక చూశాడు. ఇన్నేళ్ళూ తలుపుకి అవతలే నిలబడ్డాడు, ఈసారి తను లోపలున్నాడు. భయమేసింది. పైన కప్పు కిర్రుమంది.

భార్య లేచి గది మధ్యలో నిలబడింది. "దిగుతోంది. జుట్టుకి తగులుతోంది."

ఆయన ఫోను తీశాడు. కిందటేడు బూజుకని కట్టిన కర్రలు గుర్తొచ్చాయి. అయినా, ఉన్న డబ్బు తీసేయమని నొక్కేశాడు. అంతస్తుకి చేరిన లిఫ్టులాగా కప్పు టక్కుమని ఆగింది. ఆవిడ మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. సరిపోయింది, వేలెడు కూడా ఎక్కువ లేదు.

ఆ మరుసటి వారమే మార్కెట్టు లేచింది. వీధంతా కప్పులు కిర్రుకిర్రుమని పైకి పోతుంటే జనం విప్పిన ఫ్యాన్లు తెచ్చి బిగించుకున్నారు. సలహాదారు ఫోను చేసి, "ఓపిక పట్టమన్నాను కదా అంకుల్" అన్నాడు. మెకానిక్ నెలాఖరున లిఫ్టు తాళాలు మేనేజరు బల్ల మీద పెట్టేసి, ఇంటికొచ్చి, గుమ్మం దగ్గర నడుం వంచి లోపలికెళ్ళాడు. ఆ వంగిన నడుం మళ్ళీ నిటారు కాలేదు. వీధిలో ఆకాశం కింద నడిచినా అలాగే నడుస్తాడు.

"బాధగా ఉందా?" అనడిగింది భార్య ఒకరోజు.

"ఉంది."

"మోకాళ్ళో?"

"మోకాళ్ళు బానే ఉన్నాయి." కాలితో గచ్చు తట్టి అన్నాడు, "నేల ఊరుకోదు కదే. ధరలతోపాటు పెరుగుతూనే ఉంటుంది. రేపు నీ తలా తగులుతుంది."

ఆవిడ సూదిలోకి దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"వయసు మీద పడేకొద్దీ మనుషులు కుంగిపోతారటగా. అది పెరిగేలోపల మనమే తగ్గుతాం లెండి."